కోడంబాక్కం ఎవరు చూపిస్తారు?

(చెన్నై టి.నగర్‌లో తెలుగువారి సాయంకాలపు సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. పెద్దవాళ్లు ముందు వరసలో ఉన్నారు, వెనక కాలేజీ పిల్లలూ కనిపిస్తున్నారు, చాలా సంతోషం. సీరియళ్లకు, సినిమాలకు లొకేషన్లు చూసిపెట్టే పనిచేసినవాణ్ణని నన్ను పిలిచారు. కాబట్టి నాకు తెలిసిన ఆ పని దగ్గర్నుంచే మాట్లాడతాను. టీవీలో చూసిన చోటును కళ్లారా చూడాలని జనం టికెట్టు కొనుక్కుని, గైడును పెట్టుకుని ఊళ్లకు ఊళ్లు తిరుగుతున్నారు. ఇప్పుడు ప్రపంచమంతా ఇది పెద్ద వ్యాపారం. అందులోంచి మద్రాసు తెలుగువాళ్లం మనం తీసుకోవలసింది ఒకటుంది: మన సినిమా స్టూడియోల పేట కోడంబాక్కాన్ని, అక్కడ పనిచేసినవాళ్ల నోటితోనే జనానికి చూపించడం. దాన్ని ఆలస్యం చెయ్యకూడదని చెప్పడానికే వచ్చాను.

దగ్గర్లోని ఊరితో మొదలుపెడతాను. ఇక్కడ నలభై అయిదు దాటినవాళ్లు 'మాల్గుడి డేస్' చూసే ఉంటారు. 1980ల దూరదర్శన్ రోజులు. ఆర్.కె. నారాయణ్ కథలు, శంకర్ నాగ్ దర్శకత్వం, ఎల్. వైద్యనాథన్ సంగీతం, మధ్యమధ్యలో ఆర్.కె. లక్ష్మణ్ బొమ్మలు. మాల్గుడి ఏ పటంలోనూ లేని ఊరు. మన పురసవాక్కంలో అమ్మమ్మ దగ్గర పెరిగిన నారాయణ్ గారి మనసులోంచి పుట్టిన ఊరు. శంకర్ నాగ్ దాన్ని తీసుకెళ్లి శివమొగ్గ జిల్లాలో, పడమటి కనుమల అంచున ఉన్న ఆగుంబెలో నిలబెట్టారు. ఏటా ఏడు వేల మిల్లీమీటర్లకు పైగా వాన కురిసే చోటది. అక్కడ దొడ్డమనె అని ఒక పాతకాలపు పెద్ద ఇల్లుంది. సీరియల్లో మనం చూసిన ఇల్లు అదే. ఆ సీరియల్ వచ్చి ఇన్ని దశాబ్దాలైనా, బెంగళూరు నుంచి జనం రాత్రి బస్సెక్కి ఆ ఇల్లు వెతుక్కుంటూ పోతూనే ఉన్నారు. వచ్చినవాళ్లకు ఆ ఇంటివాళ్లు అన్నం పెట్టి, పడుకోవడానికి చోటిచ్చి, ఇంత ఇమ్మని అడక్కుండా ఇచ్చింది పుచ్చుకునేవారని ఆ దారిన వెళ్లినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

అదే జిల్లాలో అరసాళు అని ఒక చిన్న రైల్వే స్టేషనుంది. సీరియల్లో మాల్గుడి స్టేషన్‌గా కనిపించింది అదే. పాతబడిపోయిన ఆ భవనాన్ని రైల్వేవాళ్లు బాగుచేయించి 2020లో మాల్గుడి మ్యూజియంగా మార్చారు. నాకు బాగా నచ్చిన విషయం మరొకటుంది. సీరియల్‌కు కళాదర్శకుడిగా పనిచేసిన జాన్ దేవరాజ్ ఆ మ్యూజియాన్ని తీర్చిదిద్దడంలోనూ పాలుపంచుకున్నారు. లేని ఊరిని ఒకసారి కట్టిన మనిషే, ఇన్నేళ్లకు మళ్లీ వచ్చి దాన్ని మనకు చూపిస్తున్నారన్నమాట. నేను ఇవాళ చెప్పబోయేదంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

సినిమా లొకేషన్‌కూ సీరియల్ లొకేషన్‌కూ ఒక తేడా ఉందండీ. సినిమా రెండున్నర గంటలు చూస్తాం, బయటికొస్తాం. బెంగళూరు పక్కన రామనగర కొండలకు వెళ్లేవాళ్లు 1975 నాటి 'షోలే'లో ఫలానా రాయి మీద ఫలానా నటుడు కూర్చున్నాడని వెతుక్కుంటారు. సీరియల్ అలా కాదు. రోజూ సాయంత్రం మన ఇంటికొస్తుంది, ఏళ్ల తరబడి వస్తుంది. అత్తగారి గదికి ఎటు వెళ్లాలో, పూజగది ఏ మూలనుందో, మెట్ల కింద ఎవరు నిలబడి చాటుగా వింటారో మనకు మన ఇంటికంటే బాగా తెలుసు. అందుకే సీరియల్ చూసినవాళ్లు లొకేషన్‌కు వచ్చినప్పుడు నటీనటుల గురించి తక్కువ అడుగుతారు, ఇంటి గురించి ఎక్కువ అడుగుతారు. బంధువుల ఇంటికొచ్చినట్టే వస్తారు.

కొరియాలో 2002లో 'వింటర్ సొనాటా' అని ఒక సీరియల్ వచ్చింది. మరుసటి ఏడాది జపాన్‌లో ఎన్‌హెచ్‌కే దాన్ని ప్రసారం చేసింది. ఇక చూడండి, జపాన్ నుంచి నడివయసు ఆడవాళ్లు గుంపులు గుంపులుగా సముద్రం దాటి నామి ద్వీపానికి వెళ్లారు. అక్కడ పొడవాటి చెట్లు రెండు వరసలు, మధ్యన ఒక కాలిబాట. ఇంకేమీ లేదు. ఆ బాట మీద నడిచి వచ్చేవారు. వాళ్లను చూసి నవ్వినవాళ్లున్నారు. నేనైతే నవ్వను. భద్రాచలం వెళ్లినవాళ్లు పర్ణశాల కూడా చూసి వస్తారు. సీతమ్మ చీర ఆరేసిన గుర్తులని అక్కడి బండ మీద చూపిస్తే కళ్లకద్దుకుంటారు. కథ జరిగిన నేల మీద మన కాలు మోపాలనే కోరిక మన రక్తంలోనే ఉంది.

అయితే టీవీవాళ్ల కథ ఒక చోట జరగదు. ఈ పనిలో ఉన్నవాళ్లకు అది తెలుసు, చూసేవాళ్లకు తెలియదు. ఇంగ్లండులో హైక్లియర్ అని ఒక కోట ఉంది. 'డౌన్టన్ ఆబీ' సీరియల్లో దొరల ఇల్లు అదే. ఆ కోట మరమ్మతులకు ఆ సీరియల్ వల్ల వచ్చిన సందర్శకుల డబ్బు ఎంతో అక్కరకొచ్చింది. అక్కడి గ్రంథాలయం, భోజనశాల, పెద్ద హాలు నిజమైనవే. నౌకర్లు పనిచేసే వంటిల్లు మాత్రం అక్కడ తీసింది కాదు. అది లండన్‌లోని ఈలింగ్ స్టూడియోలో వేసిన సెట్. నౌకరు వంటింట్లోంచి పళ్లెం పట్టుకుని మెట్లెక్కుతాడు, భోజనశాలలోకి వస్తాడు. ఆ నాలుగు అడుగుల మధ్య ఒక జిల్లాలోంచి ఇంకో జిల్లాలోకి వచ్చేస్తాడు. కోట చూడటానికి వెళ్లి వంటిల్లు ఏదని అడిగితే ఈ సంగతి చెప్పాలి. చెప్పగలిగితే వచ్చినవాళ్ల ముఖం వెలుగుతుంది. చెప్పలేకపోతే నిరాశే మిగులుతుంది.

మన సాలిగ్రామంలో, వళసరవాక్కంలో, ఈసీఆర్ రోడ్డులో షూటింగ్ హౌస్‌లున్నాయి. రోజు అద్దెకిచ్చే బంగళాలు. బయటినుంచి మామూలు ఇల్లే. ఉదయం జనరేటర్ వ్యాన్ వచ్చి నిలబడితే తప్ప తెలియదు. ఒకే హాలు ఈ వారం ఒక సీరియల్లో జమీందారు ఇల్లు, వచ్చే వారం ఇంకో సీరియల్లో ఆసుపత్రి. కర్టెన్లు మారుస్తారు, సోఫా తిప్పుతారు, గోడ మీద తాతగారి ఫోటో మారుస్తారు. మెట్లు మాత్రం మార్చలేరు. అందుకే లొకేషన్ చూడటానికి వెళ్లినప్పుడు మేం ముందు చూసేది మెట్లనే. కెమెరా వెనక్కి జరగడానికి చోటుందా, పక్కింటి మిక్సీ చప్పుడు వినబడుతుందా, మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ ఎటు పడుతుంది, యూనిట్‌కు భోజనం ఎక్కడ పెడతారు, ఇవన్నీ తర్వాత. ఇదంతా తెలిసిన మనిషి పక్కన నిలబడి చెబితేనే ఆ ఇల్లు చూడదగ్గ చోటవుతుంది. లేకపోతే అది ఎవరిదో బంగళా, అంతే.

ఉత్తర ఐర్లండ్‌వాళ్లు దీన్ని బాగా పట్టుకున్నారు. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' అక్కడ చాలా చోట్ల తీశారు. ఆ లొకేషన్లు చూపించే టూర్ బస్సుల్లో గైడ్లుగా పనిచేసేవాళ్లలో చాలామంది ఆ సీరియల్లో ఎక్స్‌ట్రాలుగా నటించినవాళ్లే. మన భాషలో జూనియర్ ఆర్టిస్టులు. బురదలో కత్తి పట్టుకుని రోజంతా నిలబడినవాడే ఆ బురద చూపించి, ఇక్కడ ఎంత చలిగా ఉండేదో చెబుతాడు. ఆ చోట్ల గురించి వాడికి చదివి నేర్చుకోవలసిందేమీ లేదు.

అక్కడే డార్క్ హెడ్జెస్ అని ఒక రోడ్డుంది. పద్దెనిమిదో శతాబ్దంలో నాటిన బీచ్ చెట్లు రెండు పక్కలా పెరిగి కొమ్మలు కలిసిపోయాయి. సీరియల్లో కనిపించేది చాలా కొద్దిసేపు. కానీ జనం విరగబడ్డారు. కార్లు వేర్ల మీదుగా పోతున్నాయని 2017లో ఆ రోడ్డు మీద వాహనాలు నిషేధించారు. దానికి ముందు 2016లో తుపానుకు కొన్ని చెట్లు పడిపోయాయి. ఆ కలపను వాళ్లు కట్టెలకు అమ్మలేదు. దానితో పది తలుపులు చెక్కించారు. ఒక్కో తలుపు మీద ఆ ఏడాది సీరియల్‌లోని ఒక్కో భాగానికి సంబంధించిన బొమ్మలు. వాటిని వేర్వేరు ఊళ్లలోని పది పబ్బులకు, సత్రాలకు బిగించారు. ఒక రోడ్డు మీద తొక్కిసలాడే జనం పది ఊళ్లకు పంచబడ్డారు. ఆ ఊళ్లలో భోజనం చేశారు, రాత్రి ఉన్నారు. ఎంత తెలివైన పనో చూడండి.

మనకూ ఒక చెట్టుంది. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో, గోదావరి గట్టున, సినిమా చెట్టు. నూటయాభై ఏళ్ల నిద్రగన్నేరు. ఎన్ని తెలుగు సినిమాల్లో దాని నీడ చూశామో లెక్కలేదు. 2024 ఆగస్టులో వరదల రోజుల్లో కూలిపోయింది. టీవీలో ఆ వార్త చూసి నాకు ఆ రోజు అన్నం సహించలేదు. తర్వాత మొదలు మీద చిగుళ్లు వచ్చాయని తెలిసినప్పుడు ప్రాణం లేచొచ్చింది. కానీ నేను అడిగేది వేరు. ఆ చెట్టు కింద షూటింగ్ జరిగిన రోజుల్లో యూనిట్‌కు మంచినీళ్లు మోసినవాళ్లు, పడవలు నడిపినవాళ్లు ఆ ఊళ్లోనే ఉండి ఉంటారు కదా? చెట్టు నిలబడి ఉన్నన్నాళ్లూ ఎవరు వాళ్ల మాటలు రికార్డు చేశారు?

ఇక ఈ ప్రయాణాల వల్ల కీడు లేదా అంటే, ఉంది, చాలా ఉంది. క్రొయేషియాలో డుబ్రోవ్నిక్ పాతపట్నం 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' వల్ల ఇంకా ఇరుకైపోయి, చివరికి రోజుకు రెండు టూరిస్టు ఓడలు, ఒకసారికి 4,000 మంది ప్రయాణికులు అని హద్దు పెట్టుకోవలసివచ్చింది. స్విట్జర్లండ్‌లో ఇజెల్ట్‌వాల్డ్ అనే ఊరు నాలుగైదు వందల మంది ఉండే పల్లె. ఒక కొరియా సీరియల్లో నాయకుడు అక్కడి చెరువులోకి కట్టిన చెక్క వంతెన మీద పియానో వాయిస్తాడు. ఆ ఒక్క సీను కోసం వేలమంది వచ్చిపడ్డారు. ఊరివాళ్లు 2023లో వంతెన ముందు గేటు పెట్టి మనిషికి అయిదు ఫ్రాంకులు వసూలు చెయ్యడం మొదలుపెట్టారు. అమెరికాలో ఆల్బుకర్కీ అనే ఊళ్లో ఇంకో రకం బాధ. 'బ్రేకింగ్ బ్యాడ్' సీరియల్లో ఒక పాత్ర కోపంతో పిజ్జాను ఇంటి కప్పు మీదికి విసురుతుంది. ఆ ఇల్లు నిజంగా ఒక కుటుంబం కాపురముండే ఇల్లు. చూడటానికి వచ్చినవాళ్లు కూడా పిజ్జాలు విసరడం మొదలుపెట్టారు. అలా చెయ్యొద్దని సీరియల్ తీసిన విన్స్ గిలిగన్ గారే జనాన్ని వేడుకున్నారు. చివరికి ఇంటివాళ్లు చుట్టూ కంచె వేసుకున్నారు.

ఇది విన్నాక మన టి.నగర్ గురించి ఒక మాట గట్టిగా చెబుతాను. బజుల్లా రోడ్డులో ఎన్టీ రామారావు గారు ఉన్న ఇల్లు ఏది, హబీబుల్లా రోడ్డులో సావిత్రి గారి ఇల్లు ఏది అని ఆంధ్రా నుంచి వచ్చే మన చుట్టాలు అడుగుతూనే ఉంటారు. రోడ్డు చూపించండి, ఆ రోజుల కబుర్లు చెప్పండి, అంతవరకు. ఎవరి గేటూ తట్టొద్దు, ఎవరి గోడ పక్కనా నిలబడి సెల్ఫీలు దిగొద్దు. మనుషులు కాపురముంటున్న ఇల్లు ఏ టూర్‌లోనూ ఉండకూడదు. ఈ విషయంలో నేను సర్దుకుపోను.

మరి ఏం చూపించాలి? కోడంబాక్కం చూపించాలి.

కోడంబాక్కం వంతెన దిగి ఆర్కాట్ రోడ్డు పట్టుకుంటే వడపళని వస్తుంది. మెట్రో దిగి అటూ ఇటూ చూడండి. ఒక పెద్ద మాల్, ఒక పెద్ద ఆసుపత్రి. అవి వాహినీ నేల మీద నిలబడి ఉన్నాయి. మూలా నారాయణస్వామి గారు, బి.ఎన్. రెడ్డి గారు మొదలుపెట్టిన వాహినీ స్టూడియో తర్వాత నాగిరెడ్డి గారి చేతికొచ్చి విజయా వాహినీ అయింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద స్టూడియో అని పేరు. 1957లో 'మాయాబజార్' తీసింది అక్కడే. కళాదర్శకులు గోఖలే, కళాధర్ గార్లు ద్వారకను అక్కడే కట్టారు. కెమెరామన్ మార్కస్ బార్ట్లీ గారు ఆ ఫ్లోర్ల మీదే దీపాలతో వెన్నెల కాయించారు. ఇవాళ ఆ మాల్‌లో మన పిల్లలు పాప్‌కార్న్ తింటూ తిరుగుతారు. తాము ఘటోత్కచుడి అరణ్యంలో తిరుగుతున్నామని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఇది వాళ్ల తప్పు కాదు.

మౌంట్ రోడ్డులో ఎస్.ఎస్. వాసన్ గారి జెమినీ స్టూడియో ఉన్నచోట హోటల్ ఉంది. సాలిగ్రామంలో భానుమతీ రామకృష్ణల భరణీ స్టూడియో, దగ్గర్లోనే ఎల్.వి. ప్రసాద్ గారి స్టూడియో. ఏవీఎం మాత్రం ఒక మంచి పని చేసింది. పాత కెమెరాలు, పరికరాలు, కార్లు కలిపి 2023లో మ్యూజియం తెరిచింది. వెళ్లి చూడండి, పిల్లల్ని తీసుకెళ్లండి.

తెలుగు సినిమా హైదరాబాద్‌కు తరలిపోయాక ఇక్కడి ఫ్లోర్లను నిలబెట్టింది టీవీ. ఈ మాట చరిత్రలో సరిగా రాయలేదు. మద్రాసు దూరదర్శన్ 1975 ఆగస్టు 15న మొదలైంది. 1990ల్లో శాటిలైట్ చానళ్లు వచ్చాయి. ఏవీఎం లాంటి పెద్ద సంస్థలు కూడా సీరియళ్లు తీశాయి. 1999లో రాధిక గారి 'చిత్తి' తమిళంలో వచ్చింది, అదే తెలుగులో 'పిన్ని' అయింది. విజయనగరంలో, అనంతపురంలో రాత్రి అన్నాల వేళ ఇంటింటా చూసిన ఆ వీధులు మన చెన్నై వీధులు. పెదవుల కదలికకు తెలుగు మాట అతికించడానికి రాత్రింబవళ్లు డబ్బింగ్ థియేటర్లలో కూర్చున్న గొంతులు మనవాళ్లవి. వాళ్ల ముఖాలు ఎవరికీ తెలియదు. ఈ సభలోనే కొందరున్నారు. ఒక్క వాక్యం పలికితే మీలో సగంమంది ఉలిక్కిపడి తిరిగి చూస్తారు.

నా ఉద్దేశంలో గైడ్లు వీళ్లే. డబ్బింగ్ చెప్పినవాళ్లు, పైన తరాపా మీద కూర్చుని లైటు తిప్పినవాళ్లు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో రాజస్తంభాలు పోసినవాళ్లు, ప్రొడక్షన్‌లో టీ ఇచ్చినవాళ్లు. చరిత్ర చదువుకున్న కుర్రాళ్లు వాళ్ల పక్కన ఉండి తేదీలు సర్దితే చాలు. యూనివర్సిటీ పట్టా ఉన్న గైడు వాహినీ ఎప్పుడు కట్టారో చెబుతాడు. లైట్‌మ్యాన్ అయితే ఎండాకాలంలో ఆ ఫ్లోర్‌లో పది కిలోవాట్ల 'టెన్‌కే' లైట్ల కింద పట్టుబట్టలు కట్టుకున్న నటుడి మేకప్ కరిగిపోకుండా ఏం చేశారో చెబుతాడు. జనం డబ్బిచ్చి వినాలనుకునేది రెండోదే.

వాళ్లు కష్టాలు కూడా చెప్పాలి. 1989 ఫిబ్రవరి 8న మైసూరులో ప్రీమియర్ స్టూడియోలో టిప్పు సుల్తాన్ సీరియల్ తీస్తుండగా మంటలు లేచాయి. 62 మంది చనిపోయారు. నాయకుడు సంజయ్ ఖాన్ తీవ్రంగా కాలిపోయి నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది పేర్లు ఏ టైటిల్స్‌లోనూ పడని మనుషులు. 2020 ఫిబ్రవరిలో మన పూందమల్లి వైపు ఈవీపీ ఫిల్మ్ సిటీలో సినిమా షూటింగ్‌లో క్రేన్ కూలి ముగ్గురు పోయారు. లొకేషన్ టూర్ అంటే మెరుపులు మాత్రమే చూపించి పంపడం నాకు ఇష్టం లేదు. ఆ సుఖమంతా ఎవరి చేతుల మీదుగా మన ఇంటికి వచ్చిందో అదీ తెలియాలి.

ఎందుకు త్వరపడాలంటున్నానో ఇప్పటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. వాహినీ ఫ్లోర్ల మీద పనిచేసినవాళ్లలో ఇప్పుడు మిగిలినవాళ్లు పెద్దవాళ్లైపోయారు. మాల్‌ను ఎప్పుడైనా చూడొచ్చు. వాళ్లను ఎప్పుడైనా వినలేం.

(ఇక్కడ సభలో ఒక అమ్మాయి, ఇది ప్రభుత్వం చెయ్యాల్సిన పని కాదా అని అడిగింది.)

అమ్మా, చేస్తే మంచిదే. కానీ తెలుగు మద్రాసు కథ ఏ ప్రభుత్వానిది? ఆంధ్రా వాళ్లు అది చెన్నైలో ఉంది అంటారు, తెలంగాణ వాళ్లు మాకు హైదరాబాద్ ఉంది అంటారు, ఇక్కడి ప్రభుత్వానికి తమిళ సినిమా చరిత్రే కొండంత ఉంది. మధ్యలో మనమే ఉన్నాం. రామోజీ ఫిల్మ్ సిటీ లాగా టికెట్టు కౌంటరు, బస్సులు మనకు అక్కర్లేదు. అది సంస్థలు చేసే పని, వాళ్లు చక్కగా చేస్తున్నారు. మనకు కావలసింది కాళ్లు, ఒక మైకు, ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు.

(వెనక వరసలోంచి ఒక పెద్దాయన: మరి డబ్బు సంగతి?)

మంచి ప్రశ్న అడిగారు బాబాయ్ గారూ. టికెట్టు పెట్టాలి. ఉచితంగా వద్దు. వచ్చిన డబ్బులో పెద్ద వాటా మాట్లాడిన పెద్దవాళ్లకు ఆ రోజే చేతికివ్వాలి, శాలువా కప్పి పంపెయ్యడం కాదు. వాళ్లు పనిచేసిన రోజుల్లో కాల్షీట్ లెక్కన కూలి తీసుకున్నారు, ఇప్పుడూ అలాగే తీసుకోవాలి. వడపళనిలోని ఫెఫ్సీ (దక్షిణాది సినిమా కార్మికుల సమాఖ్య) యూనియన్ల దగ్గర అడిగితే పాత సభ్యుల ఆచూకీ దొరుకుతుంది. మీ ఇళ్లలో, మీ వీధుల్లో అలాంటివాళ్లుంటే బయట బల్ల మీద పుస్తకం పెట్టాం, ఆయన ఏ శాఖలో పనిచేశారో రాసివెళ్లండి. ఫోన్ మేమే చేస్తాం.

మొదటి నడక మార్గశిరంలో ఒక ఆదివారం పొద్దున్నే పెట్టుకుందాం, ఎండ ఎక్కకముందే. వడపళని మెట్రో దగ్గర కలుద్దాం. పదిహేనుమందికి మించి వద్దు, రోడ్డు ఇరుకు, పెద్దవాళ్లు నెమ్మదిగా నడుస్తారు. తారీఖు ఖాయం కాగానే కబురు పంపుతాం. రికార్డు చెయ్యడం వచ్చిన పిల్లలు ఎవరైనా ఉంటే ఇప్పుడే చేతులెత్తండి, మీతో నేను సభ అయ్యాక కూర్చుంటాను.